సర్దుకుపో అమ్మా, గంటకు పదిహేను వందలు

తెలుగునాట కౌన్సెలింగ్ అనే మాటకు ఎన్ని అర్థాలున్నాయో మీకు తెలియనిది కాదు. ఇంటర్ పాసైన పిల్లాడికి కౌన్సెలింగ్ అంటే ఇంజినీరింగ్ సీటు. టీచరుకు కౌన్సెలింగ్ అంటే బదిలీ. రౌడీషీటరుకు కౌన్సెలింగ్ అంటే స్టేషన్ ముందు వరసలో నిలబడి సీఐ గారి తిట్లు తినడం. తాగి బండి నడిపి దొరికినవాడికి కౌన్సెలింగ్ అంటే ట్రాఫిక్ పోలీసుల శిక్షణ కేంద్రంలో పెళ్లాన్ని పక్కన కూర్చోబెట్టుకుని తలొంచుకోవడం. మరి మొగుడి చేతిలో దెబ్బలు తిన్న ఆడమనిషికి? ఆమెకు కౌన్సెలింగ్ అంటే ఒకటే మాట. సర్దుకుపో.

మిగతా అందరికీ కౌన్సెలింగ్ అయ్యాక ఏదో ఒక కాగితం చేతికొస్తుంది. సీటో, పోస్టింగో, కనీసం చలానా రసీదో. ఈమెకు మాత్రం వచ్చిన బస్సులోనే తిరుగు ప్రయాణం.

ఈ మాట చెప్పడానికి ఒకప్పుడు ఊళ్లో పెద్దమనుషులు ఉండేవారు. ఇప్పుడూ ఉన్నారు. రెండు పక్షాల చేతా డిపాజిట్ పెట్టించి, మధ్యాహ్నం మటన్ కూర తిని, పొద్దుగూకే వేళకు తీర్పు చెబుతారు. ఇప్పుడు అదే మాటను ఏసీ గదిలో, మెత్తటి సోఫా మీద, అంతకంటే మెత్తటి గొంతుతో చెప్పేవాళ్లు తయారయ్యారు. పెద్దమనిషి తనను తాను థెరపిస్ట్ అని ఏనాడూ పిలుచుకోలేదు. పాపం, ఆయనకు ఆ ఉపాయం తట్టలేదు. తట్టి ఉంటే మటన్‌తో సరిపెట్టుకునేవాడా?

సరే, హైదరాబాద్ శివార్లలో అప్పా జంక్షన్ దాటి, మొయినాబాద్, చేవెళ్ల వైపు పోయే బీజాపూర్ రోడ్డెక్కండి. రెండు పక్కలా పాత మర్రిచెట్లు. మర్రిచెట్ల వెనక కన్వెన్షన్లు, రిసార్టులు, ఫామ్‌హౌసులు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లను కాపాడాలని 1996 మార్చి 8న 111 నంబరు జీవో ఇచ్చి 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేశారు. ఆ కళ్లెం ఇంకో గది కట్టుకుందామనుకున్న చిన్న రైతుకు కనిపించినంత స్పష్టంగా మిగతావాళ్లకు కనిపించలేదు. ఏం చేస్తాం, అందరి చూపూ ఒకలా ఉండదు.

ఇక ఆ హాళ్లలో పెళ్లిళ్లు! మన తాతలు వినని సంగీత్‌లు, మన అమ్మమ్మలు ఎరుగని హల్దీలు. పెళ్లికి ముందే ఆలుమగల్లా నటించడానికి ప్రీవెడ్డింగ్ షూటింగ్. పైన డ్రోన్. చుట్టూ చేవెళ్ల రైతులు పండించే పూలు చాలవన్నట్టు ఎక్కడెక్కడి నుంచో పూలు. ఒక్క రాత్రి డెకరేషన్ బిల్లుతో ఒక మండలానికి ఏడాది పాటు కౌన్సెలర్‌ను పెట్టుకోవచ్చు. పెట్టుకుంటారా? పెళ్లి చేయించడానికి ఆ రోడ్డు మీద అడుగుకో తలుపు ఉంది. ఆ పెళ్లి కుంటుతోందని చెప్పుకోవడానికి ఎన్ని తలుపులున్నాయి? మీరే లెక్కపెట్టండి. వేళ్లు మిగులుతాయి.

ఆగండి. మొయినాబాద్‌లో దేశమంతా చెప్పుకున్న కౌన్సెలింగ్ ఒకటి జరిగింది కదూ? 2022 అక్టోబరు 26న, ఒక ఫామ్‌హౌసులో. నలుగురు ఎమ్మెల్యేలను ఉన్న కాపురం వదిలి మరో ఇంటికి రమ్మని నచ్చజెప్పడానికి ముగ్గురు వచ్చారని కేసు. ఒకరికి వంద కోట్లు, మిగతావారికి తలా యాభై కోట్లు ఆశ చూపారని ఫిర్యాదులో రాశారు. నిజానిజాలు కోర్టుల సంగతి. మన సంగతి ఏర్పాట్లు. ప్రశాంతమైన చోటు. ఏకాంతం. తొందరపెట్టకుండా వినే మనుషులు. ప్రతి మాటా పట్టుకునే రహస్య కెమెరాలు. ఆ నలుగురి సంసారం కోసం సిట్ కదిలింది, హైకోర్టు కదిలింది, సీబీఐ పేరు వినబడింది, సుప్రీంకోర్టు దాకా వ్యవహారం నడిచింది. అదే మండలంలో ఉన్న ఒక్క కాపురాన్నీ నిలబెట్టుకోవాలనుకునే మనిషికి స్టేషన్ వరండాలో ప్లాస్టిక్ కుర్చీ. అదీ ఖాళీగా ఉంటే.

అందుకే జనం చిలుకూరు బాలాజీ గుడికి పోతున్నారు. వాళ్లను చూసి నవ్వేవాడికి సిగ్గుండాలి. 2024 ఏప్రిల్ 19న సంతానం లేనివాళ్లకు గరుడ ప్రసాదం ఇస్తారని తెలిసి ఎంతమంది వచ్చారో గుర్తుందా? మొయినాబాద్ దారి దారంతా కిలోమీటర్ల కొద్దీ కార్లు నిలిచిపోయాయి. చివరికి చాలామంది ప్రసాదం అందక వెనుదిరిగారు. ఆ కార్లలో కూర్చున్నది ఎవరు? పెళ్లయి ఏళ్లు గడిచినా ఒళ్లో బిడ్డ లేదని అత్త మాట, ఆడబిడ్డ మాట, పేరంటంలో పక్కింటావిడ మాట పడుతున్న ఆడవాళ్లు. పరీక్షకు రానని భీష్మించిన మొగుళ్ల పెళ్లాలు. ఆ ఒక్క ఉదయం ఆ రోడ్డు మీద నిలిచిన దుఃఖాన్ని చూసైనా ఒక్క అధికారికి, ఒక్క నాయకుడికి, వీళ్లతో మాట్లాడే మనిషి ఒకరు ఉండాలేమో అని తట్టిందా? తట్టింది ట్రాఫిక్ సమస్య. ఆ బాలాజీ గుళ్లో హుండీ ఉండదు. కోరిక చెప్పుకోవడానికి పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూట ఎనిమిది. ఆ చుట్టుపక్కల ఫీజు అడగకుండా, అడ్డు తగలకుండా, మొత్తం కథ వినేది ఆయనొక్కడే. ఆయన మీద పడిన ఈ అదనపు భారం ప్రభుత్వానిది.

మేక మాంసం కొట్టు పెట్టాలంటే లైసెన్స్ కావాలి. ఆటో నడపాలంటే లైసెన్స్ కావాలి. గణపతి మండపంలో మైకు పెట్టాలంటే అనుమతి కావాలి. విరిగిన మనసులు అతికే కొట్టు పెట్టాలంటే? ఫ్లెక్సీ చాలు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తీసి చూడండి. మనసుకు వైద్యం చేయదగినవాళ్లు ఎవరో అందులో పేరుపేరునా ఉంది. సైకియాట్రిస్టు ఉన్నాడు, క్లినికల్ సైకాలజిస్టు ఉన్నాడు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, మానసిక ఆరోగ్య నర్సు ఉన్నారు. మనోరోగాల్లో పీజీ చేసిన ఆయుర్వేదం, హోమియో, యునాని, సిద్ధ వైద్యులకూ చోటుంది. మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపిస్ట్ అన్న పేరు మాత్రం లేదు. క్లినికల్ సైకాలజిస్టు భారత పునరావాస మండలి రిజిస్టరులో పేరు రాయించుకోవాలి. ఫ్యామిలీ కౌన్సెలర్ ఫ్లెక్సీ షాపులో రాయించుకుంటే సరిపోతుంది.

అలాగని చదువే లేదా? ఉంది. ఇగ్నోలో కౌన్సెలింగ్ అండ్ ఫ్యామిలీ థెరపీ పేరుతో ఎమ్మెస్సీ కోర్సే ఉంది. ఉస్మానియాలో సైకాలజీ చదివి బయటికొచ్చే పిల్లలున్నారు. లేనిదల్లా చదివినవాళ్లకూ చదవనివాళ్లకూ మధ్య గీత గీసే చెయ్యి. అందుకని రెండేళ్లు పుస్తకాలతో కుస్తీ పట్టిన అమ్మాయీ, రెండు రోజుల జూమ్ క్లాసు విని డాక్టర్ అని పేరు ముందు తగిలించుకున్న మహానుభావుడూ ఒకే బోర్డు కింద కూర్చుంటారు. తేడా అల్లా అమ్మాయి డబ్బు కడుతుంది, ఆయన తీసుకుంటాడు.

ఆ మధ్య ఒక అక్క వెంట అలాంటి చోటికి వెళ్లాను. ఆమెది చేవెళ్ల పక్క ఊరు. కూరగాయల సాగు. కోడి కూయకముందే ఆకుకూర కట్టలు కట్టి మార్కెట్‌కు వేయాలి. ఆ కేంద్రం పేరు చెప్పను. చెప్పినా ఉపయోగం లేదు, వచ్చే నెలకు పేరు మార్చుకుంటుంది. అద్దాల తలుపు. మూలన బుద్ధుడి తల. బల్ల మీద టిష్యూ పేపర్ల డబ్బా. గోడ నిండా సర్టిఫికెట్లు. దగ్గరికెళ్లి చదివితే సగం వాటిలో ఉన్న అర్హత ఒక్కటే: పాల్గొన్నారు. రిసెప్షన్‌లో ముందే పదిహేను వందలు. ఒక గంటకు. ఎన్ని కట్టలు తోటకూర అమ్మితే పదిహేను వందలో ఆమె వేళ్ల మీద లెక్క వేసుకోవడం చూశాను. ఆ లెక్క మధ్యలోనే ఆపేసింది.

సార్ ఉన్నారా అంటే ఉన్నారు. పక్క గదిలో, రింగ్ లైటు ముందు, ఆలుమగల మధ్య అపార్థాలు పోవడానికి ఏడు సూత్రాలు చెబుతూ. మాకు దొరికింది ఇంటర్న్. ఇరవై రెండేళ్లు ఉంటాయి. మెడలో ట్యాగ్, చేతిలో ఫారం, కళ్లలో బెదురు. ఫారం ఇంగ్లిషులో ఉంది. ఆ పిల్ల దాన్ని మనసులో తెలుగులోకి మార్చుకుంటూ అడుగుతోంది.

"ఒకటి నుంచి పది వరకు మీ బాధకు ఎన్ని మార్కులు వేస్తారు అమ్మా?"

"బాధకు మార్కులేంది బిడ్డా? గిదేమన్న పరీక్షనా?"

"మీకూ మీ వారికీ మధ్య గొడవ ఎప్పుడు మొదలైంది?"

"రోడ్డు పక్క ఎకరం నాకు చెప్పకుంట అమ్మిండు. పైసలేమైనయని అడిగితే కొట్టిండు. అడిగినప్పుడల్లా కొడుతుండు."

అమ్మాయి ఫారం మీద రాసుకుంది. తల వంచి చూశాను. కమ్యూనికేషన్ గ్యాప్ అని ఉంది.

ఎకరానికి కోట్లు పలికే చోట మొగుడు రహస్యంగా పొలం అమ్ముకున్నాడు. అడిగితే చెయ్యి చేసుకున్నాడు. దీనికి పేరు కమ్యూనికేషన్ గ్యాప్! దొంగతనాన్ని ఇక మీదట ఆస్తుల సమన్వయ లోపం అనుకుందామా? అయినా ఆ పిల్లది కాదు తప్పు. ఫారంలో ఉన్న గడులు అవే. గృహహింస అన్న గడి లేదు. భూమి అన్న గడి అసలే లేదు. ఆ ఫారం ఏ దేశంలో ఏ ఇంటి కోసం తయారైందో, చేవెళ్ల మార్కెట్‌కు ఆకుకూర వేసే మనిషి దాంట్లో ఇమడదు.

తర్వాత సలహా వచ్చింది. రోజుకు ఒక గంట మీకోసం మీరు కేటాయించుకోండి అమ్మా అంది. అక్కకు నవ్వొచ్చింది. ఆ గది లోపలికి వచ్చాక మొదటిసారి. "ఒక గంట దొరికితే పండుకుంట బిడ్డా."

నవ్వు ఆగాక, అదే గొంతుతో, కూరగాయల రేటు చెప్పినట్టు చెప్పింది. "ఒక్కోపారి చచ్చిపోదామనిపిస్తది."

అమ్మాయి పెన్ను ఆగిపోయింది. లేచింది. సార్‌ను అడిగి వస్తానని పక్క గదికి పోయింది. తలుపు కొద్దిగా తెరిచింది. ఐదో సూత్రం నడుస్తోంది. లోపలి నుంచి ఒక చెయ్యి, తర్వాత అన్నట్టు ఊగింది. అమ్మాయి తిరిగొచ్చి కూర్చుంది. కాసేపు ఫోన్‌లో ఏదో వెతికింది. ఫారం వెనకవైపు పెద్ద అంకెలతో 14416 అని రాసి, చింపి, అక్క చేతిలో పెట్టింది. టెలి మానస్. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ ఫోన్ లైను. రాత్రీ పగలూ పలుకుతుంది, పైసా అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. పదిహేను వందలు కట్టిన గదిలో ఆమెకు అందిన అసలైన సాయం ఆ ఉచిత నంబరు. ఆ అద్దాల తలుపు మీద సార్ ఫొటో బదులు ఆ ఐదంకెలు అతికిస్తే ఏం పోయింది? పోతుంది. గిరాకీ పోతుంది.

రెండు వారాల తర్వాత ఆయన కొత్త వీడియో వచ్చింది. మొన్న ఒక అక్క నా దగ్గరికి వచ్చింది అని మొదలుపెట్టాడు. పొలం, ఎకరం, ఆకుకూర, అన్నీ ఉన్నాయి. పేరొక్కటే లేదు. ఊళ్లో పేరెవరికి కావాలి? రహస్యం కాపాడాలని 2017 చట్టం చెబుతోంది నిజమే. అది వైద్యం చేసే నిపుణులకు చెప్పింది. నిపుణుల జాబితాలో ఈయన పేరే లేనప్పుడు చట్టం ఎవరి చెవి పట్టుకోవాలి? చూశారా తెలివి. లైసెన్స్ లేకపోవడం నష్టమని మనం అనుకుంటున్నాం. అదే ఆయన పెట్టుబడి. ఆయన్నొక్కడినీ అని ఏం లాభం? జీ తెలుగులో బతుకు జట్కా బండి, జెమినీలో రచ్చబండ చూస్తూ ఇంటిల్లిపాదీ అన్నాలు తిన్న జాతి మనది. ఒకరి కాపురం కూలడం మనకు అన్నంలో నంజుకునేది.

పైసలు లేనివాళ్ల సంగతి? వాళ్లకు పోలీస్ స్టేషన్. 2005లో గృహహింస చట్టం వచ్చింది. 2006లో నిబంధనలు వచ్చాయి. అందులో 14వ నిబంధన కౌన్సెలింగ్ గురించే. ఏముందో తెలుసా? కొట్టిన మాట నిజమే కానీ ఎందుకు కొట్టానో వినండి అని సమర్థించుకునే అవకాశం కౌన్సెలింగ్‌లో అవతలివాడికి ఇవ్వకూడదు. ఇవ్వబోమని అతనికి ముందే చెప్పాలి. ఇకపై హింసకు దిగనని అతని చేత హామీ తీసుకోవాలి. ఎంత శుభ్రమైన నిబంధన! మరి మన దగ్గర మొదటి ప్రశ్న ఏమిటి? "ఊరికే కొడతాడా అమ్మా, నువ్వేమన్నవ్?" అదిగో, చట్టం మూసిన తలుపును మొదటి వాక్యంతోనే బార్లా తెరిచేశారు. భరోసా కేంద్రాల్లో, మహిళా స్టేషన్లలో ఓపిగ్గా వినే ఆడపిల్లలు లేరని అనను. ఉన్నారు. వాళ్లను చూశాను. వాళ్ల ముందున్న వరసనూ చూశాను. కానీ ఆ వరస దాకా పోయేదెలా? చేవెళ్ల రంగారెడ్డి జిల్లాలో ఉంది. కలెక్టరేట్ కొంగరకలాన్‌లో. జిల్లా కోర్టులు ఎల్బీనగర్‌లో. చేవెళ్ల హైదరాబాద్‌కు ఈ పక్క, అవి ఆ పక్క. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం, ముందు రాజీకి ప్రయత్నించండి, కౌన్సెలర్లను పెట్టుకోండి అని ఎంతో ప్రేమగా చెప్పింది. ఆ ప్రేమను అందుకోవాలంటే మహానగరం మొత్తం ఈదాలి. అక్కకు ఒక రోజు మార్కెట్ పోతుంది. వాయిదా పడితే ఇంకో రోజు.

చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణలు చేసి వీసా మీద కాలిఫోర్నియా చేరిన మనవాళ్లను అడగండి. అక్కడ ఇదే పనికి పీజీ చదవాలి, సీనియర్ల పర్యవేక్షణలో 3,000 గంటలు పనిచేయాలి, పరీక్షలు గట్టెక్కాలి. అప్పుడే లైసెన్స్. 2018 నుంచి ఇంటర్న్ అన్న మాటే తీసేసి అసోసియేట్ అంటున్నారు. ఇంకా లైసెన్స్ రాలేదని, ఫలానావారి పర్యవేక్షణలో ఉన్నానని వచ్చినవాళ్లకు చెప్పి తీరాలి. అదేం స్వర్గం కాదు, తక్కువ జీతాల ఏడుపు అక్కడా ఉంది. కానీ కనీసం తన ముందు కూర్చున్నది ఎవరో ఆ మనిషికి తెలుస్తుంది. మన దగ్గర అద్దాల తలుపు మీద సార్ ఫొటో, లోపల చదువుకుంటున్న పిల్ల. బిర్యానీ బోర్డు పెట్టి పులిహోర వడ్డిస్తే హోటల్ మీద కేసు వేస్తామే!

చట్టం లేదని కూడా అనలేరు. 2021లో పార్లమెంటు అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. సైకాలజిస్టులను, కౌన్సెలర్లను ఒక గూటి కిందికి తెచ్చి రిజిస్టరు పెడతామంది. రాష్ట్రాలన్నీ ఆరు నెలల్లో మండళ్లు వేయాలంది. ఆరు నెలలు గడిచాయి. ఏడాది గడిచింది. మూడేళ్లు గడిచాయి. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కోప్పడి, అక్టోబరులోగా అమలు చేయండని గడువు పెట్టాల్సి వచ్చింది. ప్రభుత్వాలకూ కౌన్సెలింగ్ కావాలన్నమాట. పెళ్లి చేసుకుని కాపురానికి తీసుకెళ్లని మొగుణ్ని ఏమంటారో మీకు తెలుసు. చట్టం చేసి అమలు చేయని ప్రభుత్వాన్ని?

అసలు చేవెళ్లకు వాగ్దానాలు కొత్తా? పార్టీలకు ఈ ఊరు శకునం మంచిది. వైఎస్ రాజశేఖరరెడ్డి 2003 ఏప్రిల్ 9న పాదయాత్రకు తొలి అడుగు వేసింది ఇక్కడే. 2023 ఆగస్టు 26న ఖర్గే వచ్చి ఎస్సీ, ఎస్టీ డిక్లరేషన్ ప్రకటించిందీ ఇక్కడే. వాగ్దానాలకు చేవెళ్ల పుట్టిల్లు. పసుపు కుంకుమలతో సాగనంపుతాం. సచివాలయం అత్తారింట్లో వాటి గతి ఏమవుతుందో ఎవరికీ తెలియదు. అక్కడా ఎవరో కౌన్సెలింగ్ ఇస్తున్నారు కాబోలు. సర్దుకుపో అని.

ఆ రోజు మేం బయటికొచ్చేసరికి సాయంత్రమైంది. బస్టాపులో నిలబడ్డాం. కాసేపటికి ఆ అమ్మాయి కూడా వచ్చింది, ట్యాగ్ సంచిలో వేసుకుని. వాళ్లది వికారాబాద్ వైపు ఊరంట. శనివారం కదా, ఇంటికి పోతోంది. ట్యాగ్ తీసేసరికి గొంతు కూడా మారింది, మన గొంతు వచ్చింది. అక్క సంచిలోంచి జామకాయ తీసి ఇచ్చింది.

"నీకెంతిస్తరు బిడ్డా నెలకు?"

"ఇయ్యరమ్మా. నేనే కట్టిన. మూడు నెలలకు పన్నెండు వేలు. సర్టిఫికెట్ ఇస్తరని."

అక్క జామకాయ కొరకడం ఆపింది. "నేను పదిహేను వందలు గట్టిన. నువ్వు పన్నెండు వేలు గట్టినవ్. మరి గా సారేం గట్టిండు?"

అమ్మాయి నా వైపు చూసింది. నేను రోడ్డు వైపు చూశాను. తాండూరు బస్సు వచ్చింది. కండక్టర్ ఇద్దరి ఆధార్ కార్డులూ చూసి, చెరొక జీరో టికెట్ కొట్టాడు.